బలం సూది

ఫోనెత్తి హలో అంటే అవతలివాళ్ళు నన్ను సార్ అంటారు. గ్యాసు బుకింగువాళ్ళు, బ్యాంకువాళ్ళు, కొత్తగా చేరిన పిల్లల తండ్రులు, అందరూ అంతే. మొదట్లో సార్ కాదండీ, మేడం అని సరిదిద్దేదాన్ని. ఇప్పుడు ఆ ఓపిక లేదు. సారైతే సారు, మేడమైతే మేడం, పని జరిగిందా లేదా. నేను ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచర్ని. గ్రౌండు ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివరనున్న పిల్ల ఉలిక్కిపడుతుంది. ఈ ఉద్యోగానికి ఇంతకంటే పనికొచ్చే గొంతు ఉండదని తోటి టీచర్లు నవ్వుతారు, నేనూ నవ్వుతాను. పుట్టుకతోనే అంత అనుకుంటారు వాళ్ళు. కాదు. ఇది నాకు పదహారో ఏట వచ్చిన గొంతు.

మొన్న పదో తరగతి పిల్ల ఒకతె వచ్చింది. బరువులెత్తే పోటీలకు వెళ్తుంటుంది. ఎవరో జిమ్మువాడు ఒక సూదుల కోర్సు వేయించుకుంటే పతకం గ్యారంటీ అన్నాడట, వేయించుకోనా మేడం అని అడిగింది. నేను కోప్పడలేదు. కోపం నాకు ఎప్పుడో అయిపోయింది. కూర్చోబెట్టి నాకు జరిగింది జరిగినట్టు చెప్పాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

మాది నకరికల్లు వైపు ఒక పల్లె. మిరప, పత్తి, సాగరు కాలవ కింద కాస్త వరి. మా అమ్మానాన్నలకు నేనొక్కదాన్నే. ఊళ్ళో మా నాన్నను పేరుపెట్టి ఎవరూ పిలిచేవాళ్ళు కాదు, గిత్తలాయన అనేవాళ్ళు. బండలాగుడు పందేలకు గిత్తల్ని మేపడం ఆయన పిచ్చి. తిరునాళ్ళకి మా వైపు ఈ పందేలు పెడతారు. జత గిత్తలకు పెద్ద బండరాయి కట్టి, ఇచ్చిన టైములో ఎవరి జత ఎక్కువ దూరం లాగితే వాళ్ళది గెలుపు. జనం ఇరువైపులా నిలబడి అరుస్తుంటే గిత్తలు మోకాళ్ళ మీదకి వంగిపోతూ లాగుతాయి. చిన్నప్పుడు అది చూసి నేను ఏడ్చేదాన్ని. నాన్న నన్ను భుజానికెత్తుకుని, వాటికి అదే ఆటమ్మా, మనకే అది కష్టంలా కనపడుద్ది అనేవాడు.

పందెం ఇంకా నాలుగైదు నెలలుందనగా ఇంట్లో వాటి సేవ మొదలయ్యేది. ఉలవలు ఉడకబెట్టాలి, తెలగపిండి నానబెట్టాలి, పచ్చి కోడిగుడ్లు వెదురు గొట్టంతో గొంతులో పోయాలి. పొద్దున్నే కాలవలో ఈత కొట్టించాలి. సాయంత్రం ఆముదం రాసి మాలీషు చెయ్యాలి. ఈ కొంపలో మనుషుల కంటే గొడ్లకే మర్యాదెక్కువ అని అమ్మ సణిగేది, సణుగుతూనే ఉలవలు పొయ్యిమీద పెట్టేది. నాన్న వాటి వెనకాల నిలబడి, నడిపించి చూసి, ఎడమ గిత్తకు కుడి తొడ బలం చాల్లేదనో, దీనికి మెడ కుదరాలనో చెప్పేవాడు. చెప్పినట్టే ఉండేది. గొడ్డును చూసే కన్ను ఆయనకు ఉండేది, అది నేను ఇప్పటికీ కాదనను.

నేను ఏడో తరగతిలోనో ఎనిమిదిలోనో ఉన్నప్పుడు సూది వచ్చింది. ఊళ్ళు తిరుగుతూ పశువులకు సూదులేసే కాంపౌండరు ఒకాయన తెచ్చాడు. నూనెలా చిక్కటి మందు, లేత పసుపు. పందేనికి ముందు వారానికొకటి వేస్తే గిత్త రాయిలా తయారవుద్దన్నాడు. నిజంగానే తయారయ్యాయి. మెడలు నిండాయి, తొడలు విచ్చుకున్నాయి. ఆ ఏడు నాన్న జత రెండు తిరునాళ్ళలో గెలిచింది. ఆయన గెలిచిన గిత్తల కొమ్ములకు రంగు కాగితాలు చుట్టి ఊరంతా తిప్పుతుంటే ముందు నేను నడిచాను. అంత సంతోషం మా నాన్న మొహంలో నా వల్ల ఎప్పుడన్నా వస్తుందా అనుకున్నాను.

వచ్చింది. తొమ్మిదో తరగతికి నన్ను నరసరావుపేటలో ఆడపిల్లల హైస్కూల్లో చేర్పించారు. రోజూ బస్సులో పోయిరావడం. అక్కడ డ్రిల్లు మాస్టారు నన్ను కబడ్డీలోకి లాగాడు. దానికి కారణం నా కాళ్ళు కాదు, చేతులు కాదు, నా కూత. కబడ్డీలో అవతలి కోర్టులోకి వెళ్ళినవాళ్ళు తిరిగి వచ్చేదాకా ఒకే ఊపిరితో కబడ్డీ కబడ్డీ అంటూనే ఉండాలి. ఆ కూత ఆగితే అవుట్. నాది సన్నటి గొంతు. సన్నగా, తెగకుండా, ఎంతసేపైనా సాగేది. పెద్ద పిల్లల ఊపిరి తెగిపోయే చోట నాది ఇంకా నడుస్తుండేది. ప్రహరీ అవతల రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి వినేవాళ్ళు. గుంటూరు బస్సు కండక్టరు ఒకాయన, ఏమ్మా ఇందాక కూతెట్టింది నువ్వేనా అని అడిగాడు ఒకరోజు. నాకున్న వస్తువుల్లో నాకు బాగా ఇష్టమైంది ఆ గొంతు. అందగత్తెను కాదు, చదువులో మామూలు. గొంతు మాత్రం నాదని నాకు తెలుసు.

మా టీములో పట్టు పట్టే అమ్మాయి ఒకతె ఉండేది. పేటలో ట్రాక్టర్ల మెకానిక్కు కూతురు. అవతలి ఆటగత్తె కాలు ఆ పిల్ల చేతికి చిక్కిందంటే ఇక అంతే. నాకన్నా బలంగా, మొరటుగా, మాట కూడా అట్లాగే ఉండేది. నేను కూతకు పోవడం, తను పట్టడం. మా ఇద్దరినీ జోడెడ్లనేవాళ్ళు.

పదో తరగతిలో రాష్ట్ర జట్టు సెలక్షనుకు గుంటూరు వెళ్ళాం. నాకు రాలేదు. కూతకు వెళ్తే నలుగురు కలిసి ఎత్తి పక్కన పెట్టారు, గడ్డిమోపును పెట్టినట్టు. డ్రిల్లు మాస్టారు ఇంటికొచ్చి నాన్నతో చెప్పాడు: ఊపిరుంది, చురుకుంది, ఒంట్లో బలమే లేదు. అదొక్కటీ వస్తే వచ్చే ఏడు రాష్ట్ర జట్టులో ఉంటుంది, ఆ సర్టిఫికెట్టు మీద ఎక్కడో ఒకచోట ఉద్యోగం దొరుకుతుంది.

నాన్న అప్పుడు నా చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. గిత్తల్ని చూసినట్టే. నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. "భుజాలు చాలవు. ఒక్క సమ్మచ్చరం నాకియ్యి అమ్మాయ్, నిన్ను నిలబెడతా. మిరపకోతల్లో నీ నడుం వంగే పని లేదు," అన్నాడు.

ఆ మర్నాటి నుంచి నన్ను పందేనికి కట్టాడు. ఉడికిన ఉలవలు, బెల్లం, పొద్దున్నే పచ్చిగుడ్లు. గొట్టం ఒక్కటే లేదు. గిత్తలతోపాటు కాలవలో నేనూ ఈత. సాయంత్రం అమ్మ నా భుజాలకు నూనె పట్టించేది. పల్లెలో ఆడపిల్లకు ఇంత సేవ ఎవరు చేస్తారు చెప్పండి. మిగతా ఇళ్ళలో ఆడపిల్ల గుడ్డు తింటే మగపిల్లాడికి లేకుండా పోతుందేమోనని చూసే రోజులవి. మా నాన్న తను తినకుండా నాకు పెట్టాడు. ఆయనకు ప్రేమ చూపించడం వచ్చిన పద్ధతి అదొక్కటే, ఆ పద్ధతిలో సూది కూడా ఒక భాగం.

సూది వేసింది పశువుల కాంపౌండరు కాదు. అంత అమాయకులం కాదు మేము. సైకిలు మీద మా ఊరికొచ్చే ఆరెంపీ డాక్టరు ఉండేవాడు, మంచి మనిషి, చెయ్యి తేలిక. నాన్న ఆయన్ని, గిత్తలకేసే బలం సూది లాంటిది మనుషులకు ఉందా అని అడిగాడు. ఉండకేం, మనుషులకున్నదే గొడ్లకూ వచ్చింది అన్నాడాయన. పేటలో మెడికల్ షాపు నుంచి తెచ్చాడు. చిన్న గాజు బుడ్డి, అందులో అదే నూనె, అదే లేత పసుపు.

ఆ రోజుల్లో అది దొంగ సరుకు కాదు. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. కండలు పెంచేవాళ్ళ మందని మా వైపు ఎవరికీ తెలియదు. టీబీ వచ్చి లేచినవాళ్ళకు వేసేవారు, ఆపరేషనై నీరసపడినవాళ్ళకు వేసేవారు, ఎముకలు గుల్లబారిన ముసలమ్మలకు వేసేవారు. అన్నం తినని పసిపిల్లలకు ఆకలి పుట్టాలని అలాంటిదే చుక్కల మందుగా కూడా పోసేవారు. చాలా ఏళ్ళ తర్వాత పుస్తకాల్లో చదివి తెలుసుకున్నాను. మగవాళ్ళ ఒంట్లో ఊరే హార్మోనును పోలినదాన్ని ఫ్యాక్టరీలో తయారుచేసి మొదట రోగుల కోసమనే వాడారట. తర్వాత విదేశాల్లో ఆటగాళ్ళు దాన్ని పట్టుకున్నారు, వాళ్ళ వెనకాల కండల పిచ్చివాళ్ళు పట్టుకున్నారు. లివరు చెడుతుందని, గుండె మందమవుతుందని, మగవాళ్ళకు పిల్లలు పుట్టరని, ఆడవాళ్ళకు మగ లక్షణాలు వస్తాయని అన్నీ ఆ పుస్తకాల్లో ఉన్నాయి. మా షాపులో మాత్రం తలనొప్పి మాత్ర అడిగినంత సులువుగా అదీ ఇచ్చేవాళ్ళు.

నెలకొకటి చాలన్నాడు ఆరెంపీ. నాన్న ఒప్పుకోలేదు. గిత్తలకు వారానికొకటి వేస్తేనే గదా తేడా కనపడింది, నెలకొకటైతే ఉలవల్లో పోసిన నీళ్ళే అన్నాడు. పిండి కొద్దీ రొట్టె అని ఆయన వాదం. ఆరెంపీ కాసేపు నసిగి, సరే మీ ఇష్టం అన్నాడు. వారానికొకటి మొదలైంది. వేసిన చోట రెండు రోజులు గడ్డ కట్టి నొప్పి పుట్టేది, బస్సులో ఒక పక్కకి ఒరిగి కూర్చునేదాన్ని.

మొదట్లో ఎంత బాగుందో చెప్పకపోతే అబద్ధం అవుతుంది. ఆకలి తెగ వేసేది. రెండు మూడు నెలలకు జాకెట్టు చేతులు బిగుసుకుపోయాయి. ఇంటరులో చేరాను, మెకానిక్కు కూతురూ నేనూ కాలేజీ టీముకు ఆడుతున్నాం, ప్రాక్టీసు మాత్రం మా పాత డ్రిల్లు మాస్టారి దగ్గరే. పట్టు పట్టినవాళ్ళను ఈడ్చుకుని గీత దాకా వచ్చేసేదాన్ని. ఒకసారి మెకానిక్కు కూతుర్నే ఈడ్చాను, దాని మోచేతులు దోక్కుపోయాయి. "ఏం తింటున్నావే రాక్షసీ," అంది. గొప్పగా అనిపించింది. నాన్న గ్రౌండు గట్టున నిలబడి తువ్వాలు దులిపి మళ్ళీ భుజాన వేసుకున్నాడు. ఆయనకు సంతోషం వస్తే అలాగే చేసేవాడు.

తర్వాత నెలసరి ఆగింది. ఒక నెల ఎవరూ పట్టించుకోలేదు. రెండో నెల అమ్మ నన్ను గడ్డివాము చాటుకు తీసుకెళ్ళి చెయ్యి పట్టుకుంది. "ఎవడే వాడు?" అంది. ఎవరూ లేరన్నాను. నమ్మలేదు. ఒట్టు పెట్టించుకుంది, కొట్టబోయింది, మళ్ళీ తనే ఏడ్చింది. చివరికి ఆరెంపీని అడిగితే ఆటలాడే పిల్లలకు అది మామూలేనన్నాడు. అమ్మకు ఎంత నిమ్మళమైందంటే, దేవుడికి కొబ్బరికాయ కొట్టింది. కడుపు కాదని తేలితే చాలు, ఇంక ఏదైనా ఫరవాలేదు.

మొటిమలు మొహమంతా లేచాయి. పైపెదవి మీద నూగు నల్లబడింది. అమ్మ పసుపు రాసి రుద్దమంది, రుద్దాను. వీటన్నిటికీ నేను బాధపడ్డానా అంటే, అంతగా పడలేదు. ఆట నడుస్తోంది కదా.

చలికాలం ముందు గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నాం. మిరియాల పాలు తాగాను, బుగ్గన కరక్కాయ పెట్టుకున్నాను. డ్రిల్లు మాస్టారు వారం పాటు కూత మానమన్నాడు. మానాను. వారం తర్వాత కోర్టులో నోరు తెరిస్తే కూత మధ్యలో విరిగింది. పైకి ఎత్తబోతే అక్కడ గొంతు లేదు. ఒక మెట్టు ఉందనుకుని కాలు వేస్తే లేనట్టుగా అయింది. కింద ఎక్కడో లావుగా, గరగరలాడుతూ ఒకటి వచ్చింది. నాది కాదనుకున్నాను. ఎవరిదో అనుకుని వెనక్కి కూడా చూశాను.

ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అమ్మ నన్ను గట్టిగా మాట్లాడనిచ్చేది కాదు, ఎవరన్నా వస్తే లోపలికి పంపేది. ఉన్నదున్నట్టు చెప్పింది మెకానిక్కు కూతురే. "ఏమే, నీ కూత మగపిల్లోడి కూత లెక్కుందే. చూపించుకో ఎక్కడన్నా," అంది. దానితో రెండు రోజులు మాట్లాడలేదు. మాట్లాడాలంటే నోరు తెరవాలి కదా.

ఆ ఏడే ఒలింపిక్స్ జరిగాయి. పరుగుపందెంలో ప్రపంచంలోకెల్లా వేగంగా పరిగెత్తిన వాడి పతకం వెనక్కి తీసుకున్నారని పేపర్లో పడింది. డ్రిల్లు మాస్టారు గ్రౌండులో మమ్మల్ని కూర్చోబెట్టి చదివి వినిపించాడు. స్టెరాయిడ్లు అనే మాట నేను వినడం అదే మొదలు. కండ పెంచే మందు, మోసం, ఆరోగ్యానికి చేటు అని చదువుతున్నాడు. నా తుంటి మీద గడ్డ ఆ వేళ ఇంకా నొప్పి పుడుతోంది. ఆ సూది సంగతి ఆయనకు తెలియదు. నేను చెప్పలేదు.

ఇంటికెళ్ళి నాన్నతో చెప్పాను. ఆయన ఆరెంపీని పిలిపించాడు. వాళ్ళు వాడేది ఫారినుది, ఇది బలానికి వేసే మామూలు మందు అన్నాడు ఆరెంపీ. ఆయన నమ్మే అన్నాడని ఇప్పటికీ అనుకుంటాను. నా గొంతు సంగతి అడిగాను. ఈ వయసులో కొందరికి మారుద్ది, కూత ఎక్కువ పెట్టినందుకు రాసుకుపోయి ఉంటుంది, సర్దుకుంటుందన్నాడు. నాన్న నన్ను కొట్టంలోకి తీసుకెళ్ళి గిత్తల మీద చెయ్యి వేసి చూపించాడు. "నాలుగేళ్ళ బట్టి వీటికి వేయిస్తన్నా. వెంట్రుకంత తేడా వచ్చిందా? ఎట్టా మెరుస్తన్నయ్యో చూడు. వీటికి కానిది నీకయిద్దా?" అన్నాడు. నిజమే, గిత్తలు మెరుస్తున్నాయి. సెలక్షను ఇంకా నెలన్నర ఉంది. సూది ఆగలేదు.

గుంటూరు సెలక్షనుకు నాన్న ఇస్త్రీ పంచె కట్టుకుని నాతో వచ్చాడు. చలికాలం, మంచు ఇంకా విడవలేదు. మేము వేరే ఊరి జట్టుతో ఆడాలి. నేను మొదటి కూతకు వెళ్ళాను. పది అంగలు వేశానో లేదో అవతలి జట్టు మాస్టారు లేచి నిలబడి ఆట ఆపమన్నాడు. అది ఆడపిల్ల కాదు, మగపిల్లాణ్ణి దింపారు, చెవులు లేవా మీకు అని అంపైరు మీదికి వెళ్ళాడు. గట్టున కూర్చున్నవాళ్ళు నవ్వారు. ఎవరో నా కూతను వెక్కిరిస్తూ లావుగా కబడ్డీ కబడ్డీ అన్నారు. ఇంకొందరు అందుకున్నారు. నేను కోర్టు మధ్యలో చేతులు వేలాడేసి నిలబడ్డాను. సిగ్గుపడాలి, ఏడవాలి. ఏదీ రాలేదు. దున్నపోతు మీద వాన కురిసినట్టే. ఆ రోజు మొదలైన ఆ మొద్దుతనం నన్ను పూర్తిగా వదల్లేదు.

మెకానిక్కు కూతురు మాత్రం ఊరుకోలేదు. ఆ మాస్టారు ముందుకెళ్ళి, అది నాతోపాటు బట్టలు మార్చుకుంటది, నీకేం తెలుసు అని కేకలేసింది. ఫలితం లేదు. పెద్దలు గుమిగూడి, పెద్దాసుపత్రి నుంచి లేడీ డాక్టరును పిలిపించారు. స్టేడియంలో బ్యాట్లు, వలలు పడేసే గదిలో బల్ల మీద పడుకోమంది ఆమె. చూసింది. నేను పైకప్పు రేకులు చూశాను. అయిపోయాక బట్టలు వేసుకోమని, ఆడపిల్లేనని బయటికి కబురు పంపించింది.

తర్వాత వెళ్ళిపోలేదు. నా గడ్డం కింద చెయ్యి పెట్టి, మాట్లాడమని, ఏం తీసుకుంటున్నావమ్మా అని అడిగింది. చెప్పాను. ఎన్నాళ్ళ నుంచి అని అడిగింది. చెప్పాను. ఎన్నాళ్ళకొకటి అంది. వారానికి అనగానే ఆమె కళ్ళు మూసుకుంది. నాన్నను లోపలికి పిలిపించింది. ఆయన చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చి నిలబడ్డాడు.

ఆమె అరవలేదు. వెంటనే ఆపేయాలంది. లివరు పరీక్ష చేయించాలంది. నెలసరి మెల్లగా తిరిగి వస్తుంది, మొటిమలు తగ్గుతాయి, కండ కూడా కరిగిపోతుంది అంది. నాన్న అన్నిటికీ తలాడించి, "మరి గొంతమ్మా? ఆపితే వచ్చిద్దా?" అన్నాడు.

"గొంతు రాదు. లోపలి తీగలు ఒకసారి లావెక్కితే మళ్ళీ సన్నబడవు," అంది ఆమె.

కండ పోతుంది, గొంతు మిగులుతుంది. ఆ వరస నాకప్పుడు అర్థమైంది. ఏం కావాలని సూది వేయించుకున్నామో అది ఉండదు, ఏది అక్కరలేదో అది ఉంటుంది.

బయట ఆట మళ్ళీ మొదలుపెట్టారు. నేను ఆడొచ్చన్నారు. డ్రిల్లు మాస్టారు నా భుజం తట్టి, వెళ్ళు, నీ ఆట నువ్వు ఆడు అన్నాడు. గట్టున ఉన్నవాళ్ళు ముందుకు జరిగారు. అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. మళ్ళీ వినాలని. నేను గీత దాకా వెళ్ళాను. ఒంట్లో బలం పుష్కలంగా ఉంది, అవతలి ఏడుగురినీ ఈడ్చుకుని రాగలను. నోరు తెరవలేదు. మూసిన నోటితో గీత దాటాను. అంపైరు ఈల వేసి వెనక్కి పంపాడు, అవతలి వాళ్ళకు పాయింటు. మళ్ళీ నా వంతు వచ్చింది. మళ్ళీ అలాగే వెళ్ళాను. మళ్ళీ ఈల. మెకానిక్కు కూతురు, కూతెట్టవే, కూతెట్టవే, నీ కాళ్ళు పట్టుకుంటా అని వెనక నుంచి ఏడుస్తోంది. మూడోసారికి మాస్టారు నన్ను బయటికి పిలిచి వేరే పిల్లను దింపాడు. ఆ సాయంత్రం చదివిన పేర్లలో మెకానిక్కు కూతురి పేరు ఉంది. నాది లేదు. నాకు దాని మీద అసూయ కూడా కలగలేదు.

ఆ తర్వాత నేను ఇంకెప్పుడూ కూత పెట్టలేదు. జిల్లా సర్టిఫికెట్లతో ట్రైనింగులో సీటొచ్చింది, ఉద్యోగం వచ్చింది. పిల్లలకు కూత నేర్పాల్సి వస్తే పెద్ద పిల్ల ఎవరితోనైనా పెట్టించి చూపిస్తాను. డాక్టరమ్మ చెప్పినవన్నీ చెప్పినట్టే జరిగాయి. నెలసరి ఏడాదికి వచ్చింది. కండ వేసవి దాటకముందే పోయింది.

ఆ రోజు గుంటూరు బస్టాండులో నాన్న నాకు సోడా కొనిచ్చాడు. తను తాగలేదు. బస్సులో నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. నోరెందుకు తెరవలేదని అడుగుతాడనుకున్నాను. అడగలేదు. బస్సు ఫిరంగిపురం దాటింది. ఆయన తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. గొడ్డు ఒంటి మీద ఎక్కడ నొప్పి ఉందో ఆ చేతులతో తడిమి చెప్పేవాడు. నా వైపు చూడకుండానే అన్నాడు.

"వాటికి మాట రాదు గదమ్మాయ్. నాకెట్టా తెలిసిద్ది?"

సరేలే నాన్నా, అన్నాను. ఆ గొంతు విని ఆయన తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.